పాత ఇంజిన్ ఆయిల్‌తో పొలంలో చేసుకోదగిన పనులు, చేయకూడని పనులు

ట్రాక్టర్లు, పవర్ టిల్లర్లు, డీజిల్ ఇంజిన్లు, రొయ్యల చెరువు గట్ల మీది జనరేటర్లు విస్తారంగా వాడుకలో ఉన్న నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో, సర్వీసింగు చేసిన ప్రతిసారీ దిగే నల్లటి ఆయిల్‌ను ఏం చేయాలన్నది రైతుకు తరచూ ఎదురయ్యే ప్రశ్న. డబ్బు పెట్టి కొన్న సరుకు కనుక పారబోయడానికి చేతులు రావు. దాచిపెడితే ఏదో ఒక పనికి వస్తుందన్న నమ్మకం కూడా ఉంటుంది. ఆ నమ్మకం కొంతవరకు నిజమే. పాత ఆయిల్ ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది, బిగుసుకుపోయిన బోల్టును వదిలిస్తుంది, సిమెంటు అచ్చుకు అంటుకోకుండా చూస్తుంది. అయితే ఈ పనులన్నింటికీ కలిపినా ఒక ట్రాక్టరు ఉన్న రైతుకు ఏడాదికి ఒకటి రెండు లీటర్లు చాలు, దిగే ఆయిల్ మాత్రం అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. చిక్కంతా ఆ మిగులుతోనే వస్తుంది. ఊరికే పడి ఉందన్న ఒక్క కారణంతో అది చెట్ల మొదళ్లకు, పశువుల ఒంటికి, మురుగు గుంటలకు, కంచె గుంజలకు చేరుతోంది. అందువల్ల పనికి కావలసినంత తీసుకొని, తక్కినదాన్ని శుద్ధి చేసేవారికి అప్పగించడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

ఆయిల్‌లో ఏముంటుంది

కొత్త ఆయిల్ ఇంజిన్‌లో పని చేసినంత కాలం డీజిల్ మండగా వచ్చే మసిని, కాలని ఇంధనాన్ని, గంధకం వల్ల పుట్టే ఆమ్లాలను, అరిగిన భాగాల నుంచి రాలే ఇనుము, రాగి, సీసం, క్రోమియం వంటి లోహాల పొడిని తనలో కలుపుకుంటుంది. అరుగుదల తగ్గించడానికి తయారీలోనే కలిపిన జింకు కూడా అందులో ఉంటుంది. మసితో పాటు వచ్చే పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే పదార్థాలు అన్నింటికంటె చెడ్డవి. వాడిన ఇంజిన్ ఆయిల్‌ను ఎలుకల చర్మం మీద దీర్ఘకాలం పూసిన ప్రయోగాల్లో చర్మ క్యాన్సర్ వచ్చినట్లు తేలింది. మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వాడిన ఆయిల్‌ను ప్రమాదకర వ్యర్థాల జాబితాలోనే చేర్చాయి. ఒక లీటరు ఆయిల్ సుమారు పది లక్షల లీటర్ల మంచినీటిని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెప్పే లెక్క. ఇసుక నేలల్లో పదీ పదిహేను అడుగుల లోతులోనే నీరు అందే మన తీరప్రాంతపు గ్రామాల వారు ఈ లెక్కను తేలికగా తీసుకోకూడదు.

ట్రాక్టరు నుంచి దిగే ఆయిళ్లన్నీ ఒకే రకం కావన్న సంగతి చాలామంది గమనించరు. గేర్ బాక్సు నుంచి, హైడ్రాలిక్ నుంచి దిగే ఆయిల్ మంటకు దగ్గరగా పోదు కనుక దానిలో మసి ఉండదు, ఆ మసితో వచ్చే చెడు పదార్థాలు కూడా చాలా తక్కువ. పైగా అది చిక్కగా ఉండి ఇనుమును బాగా అంటిపెట్టుకుంటుంది. పనిముట్లకు పూసే పనికి ఇంజిన్ ఆయిల్ కంటె గేర్ ఆయిల్ మేలు. అది దిగినప్పుడు మూడు నాలుగు లీటర్లు వేరే డబ్బాలో తీసి పెట్టుకుంటే రెండేళ్లకు సరిపోతుంది, ఇంజిన్ ఆయిల్ జోలికి పోవలసిన అవసరమే చాలావరకు తప్పుతుంది.

దించడం, నిలవ చేయడం

చాలా ట్రాక్టర్లకు 250 గంటల పని తరువాత ఇంజిన్ ఆయిల్ మార్చాలి. కొత్త మోడళ్లలో కొన్నింటికి ఇంతకంటె ఎక్కువ గడువు ఉంటుంది, కాబట్టి కంపెనీ ఇచ్చిన పుస్తకం చూసుకోవాలి. ఇంజిన్‌ను పదినిమిషాలు నడిపి ఆపి, ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు అడుగు బోల్టు విప్పితే మడ్డి కూడా ఆయిల్‌తో పాటు దిగుతుంది. బాగా కాగి ఉన్నప్పుడు విప్పితే చేతులు కాలతాయి. కింద పెట్టే తొట్టి ఇంజిన్‌లో ఉన్న ఆయిల్ మొత్తం పట్టేంత పెద్దదై ఉండాలి, దాని కింద ఒక పాత టార్పాలిన్ పరిచి ఆ పైన గుప్పెళ్లతో ఊక చల్లాలి. నెల్లూరు చుట్టుపక్కల రైసు మిల్లుల పుణ్యమా అని ఊకకు కొరత లేదు. చింది పడిన చుక్కలను అది పీల్చుకుంటుంది. పని పూర్తయ్యాక ఆ ఊకను ఎరువు కుప్పలో వేయకుండా మూత ఉన్న రేకు డబ్బాలోకి ఎత్తిపెట్టాలి.

విప్పిన ఫిల్టరులో కూడా ఆయిల్ నిలిచి ఉంటుంది. దాన్ని బోర్లించి, పై భాగాన మేకుతో ఒక చిల్లు పొడిచి, రాత్రంతా తొట్టి మీద ఉంచితే చాలావరకు కారిపోతుంది. ఆ తరువాతనే ఫిల్టరును తుక్కు కొనేవారికి ఇవ్వాలి.

దించిన ఆయిల్‌ను గట్టి మూత ఉన్న ఆయిల్ డబ్బాలోనో, చిన్న డ్రమ్ములోనో పోయాలి. మంచినీళ్ల సీసాలు, శీతల పానీయాల సీసాలు ఎంతమాత్రం పనికిరావు, ఎందుకంటే ఇంట్లో పిల్లలు ఉంటారు, పొలానికి వచ్చే కూలీలకు ఏ సీసాలో ఏముందో తెలియదు. పురుగు మందు డబ్బాలు కూడా వద్దు. అడుగున మిగిలిన నాలుగు చుక్కల మందు ఆ ఆయిల్‌ను శుద్ధి చేసేవారు తీసుకోనివ్వకుండా చేస్తుంది. అదే కారణంతో పెట్రోలు, కూలెంటు, బ్రేక్ ఆయిల్, పెయింటు థిన్నరు వంటివేవీ దానిలో కలపకూడదు. డబ్బా మీద చెరగని రంగుతో ‘వేస్ట్ ఆయిల్’ అని తెలుగులో పెద్దక్షరాలతో రాసి, తేదీ వేసి, షెడ్డులో ఇటుకల మీద ఎత్తుగా, బోరుకు, బావికి దూరంగా పెట్టాలి. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. తుపాను నీరు షెడ్డులోకి వచ్చే ఊళ్లలో సెప్టెంబరు నెలాఖరుకే ఆ డబ్బాలను అటక మీదికి ఎక్కించడమో, అమ్మి పంపించడమో చేయాలి. నీట తేలి బోర్లా పడిన ఒక్క డబ్బా చాలు, ఒక కాలువ కింది మళ్లన్నీ పాడవడానికి.

వాడదలచిన ఆయిల్‌ను రెండు వారాలు కదపకుండా ఉంచితే నీరు, బరువైన మసి, లోహపు పొడి అడుగుకు దిగుతాయి. పైనున్న తేటను మెల్లగా వంచి, మందపాటి నూలు గుడ్డలో వడకట్టి చిన్న డబ్బాలో పోసుకోవాలి. అడుగున మిగిలిన మడ్డిని తిరిగి పెద్ద డబ్బాలోకే పోయాలి. నీరు మిగిలి ఉందో లేదో తెలుసుకోవడానికి ఇంట్లో వాడని ఒక పాత ఇనుప గరిటెను బాగా వేడి చేసి, మంటకు దూరంగా తెచ్చి దాని మీద ఒక చుక్క వేయాలి: చిటపటలాడితే ఇంకా నీరు ఉన్నట్లు. దించేటప్పుడే ఆయిల్ పాలు కలిపినట్లు తెల్లబారి ఉంటే ఇంజిన్ లోపలికి నీరు దిగుతోందని గ్రహించి మెకానిక్‌కు చూపించాలి. అటువంటి ఆయిల్ తుప్పును ఆపదు, పెంచుతుంది.

పనిముట్లకు పూత

తీరానికి దగ్గరగా ఉన్న ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, కొత్తపట్నం, సింగరాయకొండ వంటి మండలాల్లో ఉప్పు గాలికి ఇనుము ఎంత తొందరగా తుప్పు పడుతుందో అక్కడి రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. దున్నకం ముగిశాక కల్టివేటరును, డిస్కు నాగలిని, విత్తనాల గొర్రును అలాగే చెట్టు కింద వదిలేస్తే, మళ్లీ పదునుకు తీసేసరికి కర్రుల మీద పొరలు పొరలుగా తుప్పు లేస్తుంది. పాత ఆయిల్‌కు అసలైన ఉపయోగం ఇక్కడే ఉంది, కనుక ఈ పని కొంచెం ఓపికగా చేయాలి.

మొదట అంటుకున్న మట్టిని చెక్క ముక్కతో గీకి, నీళ్లతో కడిగి, ఒక పూటంతా ఎండలో ఆరబెట్టాలి. తడి ఉన్న ఇనుము మీద ఆయిల్ పూస్తే ఆ తడి పూత కింద చిక్కుకుని తుప్పు లోలోపలే సాగుతుంది. అప్పటికే తుప్పు ఉన్నచోట ఇనుప బ్రష్షుతో రుద్ది, పొడి గుడ్డతో దుమ్ము తుడవాలి. ఆ తరువాత ఆయిల్‌లో ముంచిన గుడ్డను గట్టిగా పిండి, కర్రు మీద పై నుంచి కొనదాకా ఒకే దిక్కుగా తుడవాలి. పూత ఎంత పలుచగా ఉండాలంటే ఇనుము రంగు దాని గుండా కనిపించాలి, వేలితో గీస్తే గీత పడాలి, కొన నుంచి మాత్రం ఒక్క చుక్క కూడా జారకూడదు. కారుతున్నదంటే ఎక్కువైనట్లే, పొడి గుడ్డతో మళ్లీ తుడవాలి. మందంగా పూసినంత మాత్రాన రక్షణ పెరగదు. ఆ జిడ్డుకు ఇసుక, దుమ్ము అంటుకుని తేమను పట్టి ఉంచుతాయి. ఒక కల్టివేటరుకు చిన్న టీ గ్లాసెడు ఆయిల్ సరిపోతుంది. పనిముట్టును నేల మీద కాకుండా చెక్క దిమ్మల మీద నిలిపి, షెడ్డు లేకపోతే టార్పాలిన్ కప్పి, రెండు మూడు నెలలకు ఒకసారి చూసి పూత ఆరిన చోట మళ్లీ తుడవాలి.

తిరిగి పొలంలోకి దించే ముందు ఆ పూతను పొడి గుడ్డతోను, ఊకతోను శుభ్రంగా తుడిచివేయాలి. ఈ ఒక్క మెట్టును చాలామంది వదిలేస్తారు, దున్నితే అదే పోతుందంటారు. పోతుంది, కాని పోయేది పొలంలోకే కదా.

ఇదే కారణం వల్ల, వరి మడిని బురదగా కలియదున్నే దమ్ము చక్రాలకు పాత ఆయిల్ పూయవద్దని నేను గట్టిగా చెబుతాను. అవి దిగేది నిలవ నీటిలోకి. తుడిచినా సందుల్లో మిగిలిన జిడ్డు మడి నీటి మీద రంగుల తెట్టెలా పరచుకుంటుంది. దమ్ము చక్రాలకు, దమ్ములో వాడే రోటవేటరు చట్రానికి ఎడగారు పంట ముగిశాక తీరికగా తుప్పు గీకి రెడ్ ఆక్సైడు ఒక పూత, దాని మీద ఎనామెల్ రంగు ఒక పూత వేయిస్తే ఖర్చు కొద్దిగా అయినా పని నిలుస్తుంది.

పార, గడ్డపార, గొడ్డలి వంటి చేతి పనిముట్లలో ఇనుప భాగానికి మాత్రమే పూయవచ్చు, చేయి పట్టే కర్రకు పూయకూడదు. కొడవళ్లకు, కూరగాయలు కోసే కత్తులకు, పశువుల మేత నరికే యంత్రపు బ్లేడ్లకు పాత ఆయిల్ వద్దే వద్దు. వాటికి కొద్దిగా ఆముదమో కొబ్బరి నూనెనో చాలు.

మరికొన్ని చిన్న పనులు

తుప్పుతో బిగుసుకుపోయిన బోల్టులను విప్పడానికి వడకట్టిన పాత ఆయిల్, డీజిల్ సమపాళ్లలో కలిపి, బ్రష్షుతో మర మీద రాసి ఒక రాత్రి ఉంచాలి. ఉదయం సుత్తితో నాలుగు పక్కలా మెల్లగా తట్టి పానా వేస్తే చాలావరకు కదులుతుంది. విడి బోల్టులు, నట్లు, వాషర్లు, గొలుసు ముక్కలు ఒక డబ్బాలో వేసి కొద్దిగా ఆయిల్ చిలకరించి కలిపి పెట్టుకుంటే ఏళ్ల తరబడి పనికి వస్తాయి. పొలం గేటు బందులకు, ట్రాలీ వెనుక తలుపు గొళ్లేలకు రెండు మూడు చుక్కలు వేయవచ్చు.

ఎద్దుల బండి ఇరుసుకు పూర్వం ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి కందెన వేసేవారు. ఇనుప ఇరుసు మెల్లగా తిరిగేది కనుక, తేటగా వడకట్టిన గేర్ ఆయిల్ అక్కడ బాగానే పనిచేస్తుంది. బొట్లుగా కారకుండా చిక్కని గ్రీజుతో కలిపి పెట్టడం మంచిది. అయితే బేరింగులు ఉన్న టైరు బండికి ఇది పనికిరాదు. సాధారణంగా బేరింగులు, ట్రాక్టరు శక్తిని పనిముట్టుకు అందించే పీటీఓ షాఫ్టు, గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే మొన) ఉన్న ఏ భాగమైనా కొత్త గ్రీజే కోరుతుంది. పాత ఆయిల్‌లో ఎంత వడకట్టినా పోని సన్నటి లోహపు పొడి వాటిని అరగదీస్తుంది, ఆదా అనుకున్నది పది రెట్ల ఖర్చు తెస్తుంది. కొయ్య కోసే మోటారు రంపం గొలుసుకు కూడా వాడకూడదు. ఆ గొలుసు తిరిగే వేగానికి ఆయిల్ తుంపరలై రంపం పట్టినవాడి ముఖాన, ఊపిరిలో పడుతుంది.

పొలంలోనే సిమెంటు కంచె స్తంభాలు పోసుకునేవారు అచ్చు రేకుల లోపల పాత ఆయిల్‌ను గుడ్డతో పలుచగా తుడిస్తే స్తంభం పగలకుండా ఊడివస్తుంది. ఎక్కువ పూస్తే సిమెంటు మీద నల్లటి మచ్చలు పడతాయి, తరువాత సున్నం గాని రంగు గాని పట్టదు. పశువుల నీళ్ల తొట్టికి, ఇంటి శ్లాబుకు, పూత పూయవలసిన గోడకు ఈ పద్ధతి వద్దు.

ఎక్కడ వాడకూడదు

చెదల కోసం కర్ర గుంజల మొదళ్లను పాత ఆయిల్‌లో ముంచి పాతడం మన వైపు విరివిగా ఉంది. ఆయిల్ కర్రలోకి లోతుగా ఇంకదు. పైపొరలోనే ఉండి, రెండు మూడు వానలకు చుట్టూ ఉన్న మట్టిలోకి దిగిపోతుంది, ఆ తరువాత చెదలు మామూలుగానే వస్తాయి. చిన్న లాభానికి నేలను పాడు చేసుకునే పని ఇది. చేవదేరిన తాటి గుంజలు, సిమెంటు స్తంభాలు, లేదా ప్రకాశం జిల్లాలో సులువుగా దొరికే రాతి స్తంభాలు మేలు.

పొదలకూరు ప్రాంతపు నిమ్మ తోటల్లోనూ, మామిడి తోటల్లోనూ కాండానికి పాత ఆయిల్ పూసే అలవాటు కొందరిలో ఉంది. అది బెరడును ఊపిరాడనివ్వదు, లేత బెరడు ఉన్నచోట పగుళ్లు తెస్తుంది. ఆ పనికి బోర్డో పేస్టు ఉంది: ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం విడివిడిగా నానబెట్టి, మొత్తం పది లీటర్ల నీటిలో కలిపి కాండానికి పూయడం. మైలుతుత్తం కలపడానికి ఇనుప పాత్ర వాడకూడదు.

గజ్జికి, పిడుదులకు పశువుల ఒంటికి వేస్ట్ ఆయిల్ రాయడం మరీ బాధాకరమైన అలవాటు. ఆవులు, గేదెలు తమ ఒంటిని, పక్కదాని ఒంటిని నాకుతాయి. ఆయిల్‌లోని లోహాలు అలా కడుపులోకి పోతాయి, పాలలోకి కూడా చేరే వీలుంది. ఒంగోలు జాతి పశువులను ప్రాణంగా చూసుకునే గడ్డ మీద ఈ పని జరగకూడదు. పశువైద్యశాలలో పిడుదులకు, గజ్జికి సరైన మందులు ఇస్తారు. అదే జాగ్రత్తతో ఆయిల్ తొట్టిని, జిడ్డు గుడ్డలను కొట్టానికి దూరంగా పెట్టాలి, పశువులు వాటిని కూడా నాకబోతాయి.

దోమల కోసం నిలవ నీటి మీద పాత ఆయిల్ పోయడం కూడా మానాలి. దోమ లార్వాలను చంపడానికి వేరే తయారు చేసిన ఆయిల్ ఉంది, దాన్ని ఆరోగ్య శాఖ సిబ్బంది వాడతారు. ఇంజిన్ నుంచి దిగిన ఆయిల్ దానికి బదులు కాదు. పొలం గుంటలకు ఆ లార్వాలను తినే గంబూసియా చేపలు చాలు. రొయ్యల చెరువుల దగ్గర మరింత జాగ్రత్త అవసరం: నీటిలో గాలి కలిపే ఏరియేటరు గేర్ బాక్సు సీలు కారుతుంటే వెంటనే మార్పించాలి, జనరేటరు ఆయిల్‌ను గట్టు మీద దించకూడదు.

పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల పొయ్యిలో కట్టెలతో పాటు పాత ఆయిల్ పోసి మండించడం కూడా తప్పే. ఆ పొగలో లోహాలు ఉంటాయి, పొయ్యి దగ్గర రాత్రంతా కూర్చునే మనిషి దాన్నే పీలుస్తాడు, గొట్టం ఎక్కడైనా చిల్లు పడితే ఆకుకు వాసన పట్టి వేలం కేంద్రంలో ధర పడిపోతుంది. కలుపు చావడానికి గట్ల వెంట పోయడం, దుమ్ము లేవకుండా బండ్లబాటలో చల్లడం గురించి వేరే చెప్పనక్కరలేదు. వాన పడిన మరునాడు అది కాలువలో ఉంటుంది.

ఏ పని చేసినా నైట్రైల్ రబ్బరు చేతి తొడుగులు వేసుకోవాలి. ఆయిల్ తడిసిన చొక్కాను ఒంటి మీద ఉంచుకోకూడదు, జిడ్డు గుడ్డను జేబులో పెట్టుకోకూడదు. చేతులకు అంటినదాన్ని పెట్రోలుతో గాని కిరోసిన్‌తో గాని కడిగితే చర్మం లోపలికి మరింత దిగుతుంది. ముందు గుడ్డతో తుడిచి సబ్బుతో కడగాలి.

మిగిలినదాన్ని అప్పగించడం

వాడిన ఆయిల్‌ను శుద్ధి చేస్తే మళ్లీ మంచి బేస్ ఆయిల్ వస్తుంది. నీటిని తొలగించి, బట్టీ పట్టి, రంగు తీసి, కొత్త ఆయిల్ తయారీకి పంపుతారు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఆయిల్ తయారుచేసే కంపెనీలకు, దిగుమతి చేసుకునేవారికి వాడిన ఆయిల్ తిరిగి శుద్ధి అయ్యేలా చూసే బాధ్యత ఉంది. కనుక ఈ సరుకుకు విలువ ఉంది.

ఒక్క రైతు దగ్గర ఉన్న పది పన్నెండు లీటర్ల కోసం ఎవరూ బండి వేసుకొని రారు. ఊళ్లోని మెకానిక్ షెడ్డులోనో, రైతుల ఉమ్మడి గోదాములోనో రెండు వందల లీటర్ల డ్రమ్ము ఒకటి పెట్టి, ఎవరు ఎన్ని లీటర్లు పోశారో ఒక పుస్తకంలో రాసుకుంటే, పదిహేను ఇరవై ట్రాక్టర్లున్న ఊరికి అది ఏడాది తిరగకముందే నిండుతుంది. డ్రమ్ముకు తాళం వేసి తాళం చెవి ఒకరి దగ్గరే ఉంచాలి, లేకపోతే ఎవరో ఒకరు కూలెంటు పోసి సరుకంతా చెడగొడతారు. కొనడానికి వచ్చిన వ్యక్తికి ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉందో లేదో అడిగి, ఆ అనుమతి పత్రం చూసిన తరువాతనే ఇవ్వాలి. రెండు రూపాయలు ఎక్కువ ఇస్తామనే అనుమతి లేని వ్యాపారులకు అమ్మితే, అదే ఆయిల్ పైపైన వడపోసి రంగు మార్చి, పేరున్న కంపెనీ డబ్బాలో కొత్త ఆయిల్‌గా మన ఇంజిన్లలోకే తిరిగి వచ్చే ప్రమాదం ఉంది. ఆ మోసానికి డబ్బాలు మనం అందించకుండా, ఖాళీ ఆయిల్ డబ్బాలను చిల్లులు పొడిచి, మూతలు వేరు చేసి తుక్కుకు వేయాలి. జిడ్డు గుడ్డలను, ఊకను కూడా తీసుకుంటారేమో ఆయిల్ కొనేవారినే అడగాలి. డ్రమ్ము ఎత్తే ముందు లీటర్లు మన ఎదుటే కొలిపించి, తేదీ, పరిమాణం, కొన్నవారి పేరు ఉన్న రసీదు తీసుకొని, ఆ పుస్తకంలోనే అంటించి పెట్టాలి.